కావలి దూత కనుబొమ్మ

కతోలిక గుడి వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన, రేకుల షెడ్డు ఒకటి ఉంది. విరిగిన ప్లాస్టర్ పునీతులు అక్కడికి వస్తారు. చెయ్యి ఊడినవాళ్ళు, ముక్కు రాలినవాళ్ళు, చెమ్మకి రంగు పొరలు లేచినవాళ్ళు. ఆసుపత్రి వరండాలో జనంలా గోడవారన నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు. ఒక్కరికీ తొందర ఉండదు.

వాళ్ళను బాగుచేసేవాణ్ణి అందరూ మేస్త్రి అంటారు. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. తెల్లటి ప్లాస్టర్ పిండితో వేళ్ళు కట్టే మేస్త్రి, చెవులు కట్టే మేస్త్రి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. గోళ్ళ సందుల్లో తెలుపు ఎంత కడిగినా పోదు. చొక్కా మార్చినా రంగుల నూనె వాసన మారదు. మనిషి మెత్తన. మాట తక్కువ, ఉన్న కాస్త మాటలో వేళాకోళం ఎక్కువ.

అతని మరదలికి, అంటే భార్య చెల్లెలికి, ఆ పనంటే గిట్టదు. ఆమె ఎనిమిదేళ్ళ కిందట వేరే సంఘంలో చేరింది. వాళ్ళ ప్రార్థనా మందిరంలో నాలుగు తెల్లగోడలు, ఒక బల్ల, బల్ల మీద బైబిలు. అంతే. ఆదివారం సాయంత్రం అక్కను చూడ్డానికి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే మొదలుపెట్టేది.

"ఏం బావా, ఈ వారం ఏ దేవుడికి చెయ్యి విరిగింది?"

"దేవుడికి కాదమ్మా, ఆయన స్నేహితుడికి."

"మధ్యలో స్నేహితులెందుకు? నేరుగా ఆయనతోనే మాట్లాడుకోలేరా మీరు?"

"పోయిన నెల నా మీద కోపమొస్తే మీ అక్కతో చెప్పించావు కదా. నేరుగా నాతో మాట్లాడలేకపోయావా?"

లోపల్నుంచి భార్య నవ్వేది. "బాగా అయింది నీకు. రా, టీ తాగు."

"నవ్వండి, నవ్వండి. ఆయన చేస్తాడు, నువ్వు మొక్కుతావు. తయారీ ఇంట్లోనే, మొక్కూ ఇంట్లోనే. నేను తప్ప వేరే దేవుడు వద్దన్న మొదటి ఆజ్ఞ ఇద్దరికీ అక్కర్లేదు."

"ఎవరు మొక్కుతున్నారే? నాన్న ఫోటోకి పట్టిన దుమ్ము నువ్వు తుడవవూ? తుడిస్తే నాన్నని దేవుణ్ణి చేసినట్టా?"

ఏళ్ళ తరబడి సాగిన వాదం అది. ఎవరూ గెలవలేదు. గెలవాలని ఎవరికీ లేదు కూడా. టీ చల్లారేలోపు అయిపోయేది. మధ్యలో పిచ్చుక వచ్చి పిన్ని ఒళ్ళో పడితే ఇంకా ముందే అయిపోయేది.

పిచ్చుక వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అసలు పేరు జ్ఞానస్నానాల పుస్తకంలో ఉంది. నడక కంటే ముందు గెంతడం నేర్చిందని ఇంట్లో ఈ పేరు పడింది. పెళ్ళయిన పదకొండేళ్ళకి పుట్టిన పిల్ల. అప్పటినుంచీ మేస్త్రి భార్యను పిచ్చుకమ్మా అని పిలిచేవాడు. ఆమె అతన్ని పిచ్చుక నాన్నా అనేది. అంతకుముందు ఒకరినొకరు ఏమని పిలుచుకున్నారో ఇద్దరికీ గుర్తు లేదు.

భార్యకు ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని. తెల్లవారకముందే ఇల్లు కదలాలి. అందుకని పిల్లకు జడలు వేసే పని మేస్త్రి మీద పడింది. పిల్ల ఎత్తుకు సరిపోయేలా గోడకు ఒక చిన్న అద్దం కొట్టాడు. అద్దం ముందు పిల్ల, పిల్ల వెనక అతను. ఎందరో పునీతుల జుట్టు మలిచిన చేతులు ఆ పిల్ల జుట్టు దగ్గర ఓడిపోయేవి.

"నాన్నా, ఒకటి లావు, ఒకటి సన్నం."

"ఒకటి నీది, ఒకటి నాది."

"నీదేది?"

"సన్నంది. నాకు జుట్టెక్కడుంది?"

పిల్ల అద్దంలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. ఆరేళ్ళపాటు రోజూ పొద్దున అతను ఆ నవ్వును అద్దంలో చూశాడు.

సాయంత్రం పని తల్లిది. ముఖం కడిగి, తడిగుడ్డతో తుడిచి, చివరగా కనుబొమ్మ మీది మచ్చను బొటనవేలితో ఒకసారి రుద్దేది. ఏడో ఏట పిల్ల షెడ్డులోకి గెంతుకుంటూ వచ్చి బల్ల అంచుకు కొట్టుకుంది. కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని సన్నటి గీత మిగిలిపోయింది. రుద్దితే పోతుందని ఎవరో చెప్పారు. పోలేదు. అయినా తల్లి రుద్దడం మానలేదు.

పదకొండో ఏట జ్వరం వచ్చింది. మంగళవారం వచ్చింది, శుక్రవారం తీసుకుపోయింది. ఆసుపత్రిలో తల్లి ఉతికిన దుప్పటి మీదే పిల్ల పోయింది.

సమాధి దగ్గర ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. "దేవుడి దగ్గర దేవదూత అయిపోయిందమ్మా." ఆమె ప్రతి ఒక్కరికీ తలూపింది.

మూడో రోజు పిల్ల బట్టలన్నీ ఉతికింది. చేతులకు తెలిసిన పని అదొక్కటే. స్కూలు గౌను జేబులో గుర్తింపు కార్డు ఉంది. చూసుకోలేదు. తాడు మీద ఆరేస్తుంటే జారి కింద పడింది. ఫోటో ఉండాల్సిన చోట నీలం మరక. పిల్ల పెద్దదయ్యాక తీయించిన ఫోటో అదొక్కటే. మిగతావి ఒళ్ళో పాపగా ఉన్నప్పటివి. వాటిలో ఉన్నది ఏ పాపైనా కావచ్చు.

కార్డు పట్టుకుని ఆమె తడిబట్టల కింద కూర్చుండిపోయింది. గౌను నుంచి నీళ్ళు ఆమె భుజం మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. పిచ్చుకమ్మా అందామని నోరు తెరిచాడు. రాలేదు.

"ఇదిగో," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె పేరు ఇదిగో. అతని పేరు అసలేదీ లేదు.

ఏడు వారాలు గడిచాయి. గుడిలో ఫ్యాన్లు బిగించేవాళ్ళ నిచ్చెన జారి కావలి దూత స్వరూపం మీద పడింది. తలుపు పక్కన, వెనక గోడకు ఆనుకుని, బలిపీఠానికి ఎదురుగా నిలబడి ఉండే దూత. రెక్కలు నిలిచాయి, చాచిన చెయ్యి నిలిచింది. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం మాత్రం పెచ్చుగా ఊడి, కిందపడి పొడి అయింది.

ఫాదర్ ముసలాయన. ఒక చెవి వినపడదు. పాపాలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళు సరిగ్గా ఆ చెవి వైపే కూర్చుంటారని ఆయనే చెప్పి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"చెయ్యగలవా మేస్త్రీ? ఇప్పుడే కాకపోయినా ఫర్వాలేదు."

"పని ఉంటేనే మంచిది ఫాదర్."

మేస్త్రికి పని నేర్పిన గురువు రెండు మాటలు చెప్పి పోయాడు. మొదటిది, తెలిసిన ముఖం పెట్టకు. రెండోది కళ్ళ గురించి. క్రీస్తు కళ్ళు మోకరించినవాడి మీద పెట్టు. పునీతుల కళ్ళు, దూతల కళ్ళు వాడి మీద పెట్టకు. వాడి భుజం మీదుగా బలిపీఠం వైపు పోనివ్వు. ఆ చూపు పట్టుకుని వాడు అటు తిరగాలి. స్నేహితుడి పని గుమ్మం దాకా చెయ్యి పట్టుకు తీసుకెళ్ళడం. గుమ్మంలో అడ్డంగా నిలబడితే వాడు స్నేహితుడు కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మేస్త్రి ఈ మాటలు దాటలేదు. చేతి పనిలో తప్పులు జరిగాయి. ఒక పునీతుడికి ఆరు వేళ్ళు పెట్టి ఫాదర్ చేత చివాట్లు తిన్నాడు. కానీ చూపు ఎప్పుడూ తప్పలేదు.

ఈసారి రెండు మాటలూ దాటాడు.

చేతులే చేస్తున్నాయి, నాకేం తెలీదు, అని మొదటి నాలుగు రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. బుగ్గ అలా వచ్చింది. గడ్డం అలా కుదిరింది. ఐదో రోజు సన్నటి ఉలి తీసుకుని కనుబొమ్మ మధ్యలో ఒక గీత గీశాడు. మచ్చ దానంతట అది రాదు. ఉలి చేతిలో ఉండగానే ఆ సంగతి తెలిసింది. తెలిసీ ఆగలేదు.

కళ్ళు చివరగా, స్వరూపాన్ని గుడిలో నిలబెట్టాక వేస్తాడు. భార్య ఎప్పుడూ కూర్చునేది వెనక వరుసలో, స్తంభం పక్కన, గడ్డి అల్లిన కుర్చీలో. దూత చూపు ఆ కుర్చీ మీద పెట్టాడు.

ఆదివారం పూజ అయ్యాక జనంతో పాటు బయటికి వెళ్తూ ఆమె తలుపు దగ్గర ఆగింది. జనం ఆమెను తప్పుకుని వెళ్ళారు. మేస్త్రి మెట్ల మీద నిలబడ్డాడు. చాలాసేపటికి వచ్చింది. ఇంటికి నడుస్తూ దారిలో రొట్టె కొన్నది. పిల్ల పోయాక ఆమె తనంతట తాను ఏదైనా కొనడం అదే మొదలు.

మర్నాడు పని దిగగానే, మూడింటికి, గుడికి వెళ్ళింది. కుర్చీని దూత వైపు తిప్పుకుని కూర్చుంది. ఆరింటికి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత రోజూ అంతే.

మొదట్లో మేస్త్రికి పోయిన ఊపిరి వచ్చినట్టయింది. పొయ్యి మళ్ళీ వెలిగింది. ఆమె తింటోంది. అతని మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. ఒకరోజు గుడి కిటికీకి రంగు వేస్తుంటే లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది.

"...ఇవాళ ఆ లావాటావిడ సబ్బునీళ్ళలో కాలు జారి బట్టల బుట్టలో కూర్చుండిపోయింది. ముగ్గురం లాగితే గానీ లేవలేదు. నువ్వుంటే పడీ పడీ నవ్వేదానివి."

మేస్త్రి కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున్నే పిల్లతో చెప్పాల్సిన కబుర్లు ఎన్నో అతని దగ్గరా మిగిలిపోయాయి.

తర్వాత దూత మణికట్టుకు ఒక రిబ్బను వచ్చింది. తర్వాత ఇంకో రంగు రిబ్బను. కొవ్వొత్తి వెలిగించబోయిన ముసలమ్మతో, "పొగ పడితే ముఖం నల్లబడుతుంది, అవతల పెట్టుకో," అంది. ఒకరోజు జ్వరంతో ఉన్న పసివాణ్ణి ఎత్తుకుని ఒక తల్లి వచ్చి దూత ముందు మోకరించింది. మేస్త్రి అక్కడే కిటికీ రెక్క బిగిస్తున్నాడు.

"వేరే పునీతుల దగ్గరికి పో," అంది భార్య.

"కావలి దూత కదమ్మా. పిల్లల కోసం..."

"దీనికి మీ పిల్లలతో పనేంటి?"

ఆ తల్లి పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి చేతిలోంచి మేకు జారింది. వెతుక్కుంటున్నట్టు చాలాసేపు వంగే ఉన్నాడు.

ఆదివారాలు ఇంకా కష్టమయ్యాయి. పూజలో ఫాదర్ అప్పాన్ని, క్రీస్తు శరీరమయ్యే ఆ పలచటి రొట్టెను, పైకెత్తినప్పుడు చిన్న గంట మోగుతుంది. మిగతా పూజంతా ఆ క్షణం కోసమే. కర్ర ఊతతో నడిచేవాళ్ళు కూడా అప్పుడు మోకాళ్ళ మీద ఉంటారు. గుడిలో ఉన్న ప్రతి తలా అటే ఉంటుంది, ఒక్కటి తప్ప. స్తంభం పక్కన గడ్డి కుర్చీ బలిపీఠానికి వీపు పెట్టి ఉంటుంది. గంట మోగుతుంది. ఆమె తిరగదు.

ఒకరోజు ఫాదర్ షెడ్డుకు వచ్చాడు. విరిగిన పునీతుల మధ్య బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, వినపడే చెవి మేస్త్రి వైపు తిప్పాడు.

"ఆ ముఖం నేను మొదటి రోజే పోల్చుకున్నాను మేస్త్రీ. నా చేత్తో జ్ఞానస్నానం ఇచ్చిన పిల్ల."

"మరి ఏమీ అనలేదు."

"నోరు రాలేదు. ఒక్క వారం చూసుకోనీ అనుకున్నాను. తర్వాత ఇంకో వారం. నాదీ తప్పే."

మేస్త్రి ఒక పునీతుడి మోచేతిని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. రుద్దాల్సింది ఎప్పుడో అయిపోయింది.

"దూతకి దణ్ణం పెట్టుకుంటే తప్పా ఫాదర్?"

"తప్పేముంది? పొద్దున్నే తలుపు తీసేటప్పుడు నేనూ తల వంచుతాను. నువ్వు ఈ రాజుకి మంచి సేవకుడివయ్యా అని గౌరవం. కానీ మీ ఆవిడ వచ్చేది దూత దగ్గరికి కాదు, ఆ ముఖం దగ్గరికి. దూతని దాటి దేవుడి దగ్గరికీ పోవట్లేదు. అక్కడే ఆగిపోయింది."

"పిల్ల దూత అయిందని అందరూ అన్నారు."

"అంటారు. ఆ సమయానికి ఎవరి నోటికైనా అదే వస్తుంది. దూతలు వేరు, మనుషులు వేరు. దూతలు ఏనాడూ మనుషులు కాదు. దేవుడి దగ్గర మన పిల్ల మన పిల్లగానే ఉంటుంది. దాన్ని ఇంకెవరినో చెయ్యక్కర్లేదు."

"చెరిపెయ్యమంటారా?"

"నేననను. మనిషికున్న ఒక్క చేతికర్ర లాక్కోమని ఏ నోటితో చెప్పను?" ఫాదర్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఆమె ఇంతవరకు ఏడవలేదు. గమనించావా?"

గమనించాడు.

ఆ సాయంత్రం ఆమె రొట్టె కోస్తుంటే బల్లకు ఇవతల కూర్చున్నాడు.

"ఇదిగో."

"చెప్పు."

"ఆ ముఖం మార్చాలి."

కత్తి ఆగింది. "ఎవరన్నారు? ఫాదరా?"

"ఎవరూ అనలేదు. నేనే అంటున్నాను."

"ఒకసారి నేను ఉతికి పోగొట్టాను. ఇప్పుడు నువ్వు గీకి పోగొడతావా?"

అతను బల్ల మీది రొట్టె పొడిని వేలితో ఒక చోటికి చేర్చాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే నేనీ ఇంట్లో ఉండను. చెల్లెలి దగ్గరికి పోతాను. నిజంగా పోతాను."

ఆ మాట అని, కోసిన ముక్కల్లో పెద్దది అతని పళ్ళెంలో వేసింది. ఇద్దరూ తిన్నారు. గోడ మీద అద్దం ఇంకా పిల్ల ఎత్తులోనే ఉంది. గడ్డం గీసుకోవాలంటే అతను నడుం వంచుతాడు. పైకి కొడదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఆ వారమే మరదలు వచ్చింది. ఇంటికి తాళం చూసి షెడ్డుకు వచ్చింది.

"అక్కేది బావా? రెండు వారాలుగా ఎప్పుడొచ్చినా తాళమే."

"గుడిలో."

"ఈ వేళప్పుడు గుడిలో ఏం పని?"

అతను గుడి వైపు తల తిప్పాడు. ఆమె ఎనిమిదేళ్ళుగా ఆ గుడి మెట్టు ఎక్కలేదు. ఎక్కనని పంతం కూడా పట్టింది. అయినా చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది. అతను వెనకాలే వెళ్ళాడు. ఆసుపత్రి నుంచి ఎవరో పిలిచారని అక్క అప్పుడే వెళ్ళిపోయింది. గడ్డి కుర్చీ ఖాళీగా ఉంది. మరదలు కుర్చీని చూసింది. కుర్చీ చూస్తున్న వైపు తిరిగింది.

 ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. చెయ్యి లేచి దూత బుగ్గ దాకా వెళ్ళి, ముట్టకుండా గాల్లో ఆగింది. 

"నువ్వు చెప్పిందే నిజమైందమ్మా," అన్నాడు మేస్త్రి. "నేను చేశాను. మీ అక్క మొక్కుతోంది."

"నేను చెప్పింది ఇది కాదు బావా. నేను బొమ్మల గురించి అన్నాను." చెయ్యి వెనక్కి తీసుకుని ముఖం తుడుచుకుంది. "తీసెయ్యి. ఇంకో నిమిషం నిలబడితే నేను కూడా మొక్కేస్తాను."

అతను తలూపాడు.

"అక్క నా దగ్గరికి వస్తే తలుపు తీస్తాను. కానీ రాత్రికి రాత్రే నీ దగ్గరికి తిరిగి పంపను. ఆ సంగతి తెలుసుకునే చెయ్యి," అంది మరదలు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం గుడిలో పూజ ఉండదు. మేస్త్రి నిచ్చెన, నీళ్ళ గిన్నె, ప్లాస్టర్, గరుకు కాగితాలు తెచ్చుకున్నాడు. చాటుగా చెయ్యదలచుకోలేదు. మూడింటికి ఆమె వస్తుందని తెలిసే రెండింటికి మొదలుపెట్టాడు.

ముందు గడ్డం. తర్వాత బుగ్గలు. రంగు లేచి, కింది తెలుపు బయటపడి, పొడి చొక్కా మీద రాలింది. కట్టడానికి ఐదు రోజులు పట్టిన ముఖం, పోవడానికి ముప్పావు గంట చాలింది. కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. మచ్చ ఒక్కటే మిగిలింది. ముఖం లేని ముఖంలో అది ఇంకా పిచ్చుకదే.

తలుపు చప్పుడైంది. సబ్బు వాసన వచ్చింది. అతను తిరగలేదు. గడ్డి కుర్చీ కిర్రుమంది. ఆమె కూర్చుంది.

అరుస్తుందనుకున్నాడు. నిచ్చెన లాగేస్తుందేమో అని కూడా అనుకున్నాడు. ఏమీ జరగలేదు. కిటికీలోంచి వస్తున్న ఎండ నేల మీద ఒక పలక మేర జరిగింది.

"దాన్నెందుకు వదిలేశావు?" అందామె చివరికి.

"చెయ్యి రావట్లేదు."

"అది దానిది కాదు."

"ఏమిటి?"

"ఆ మచ్చ. మన పిల్ల మచ్చ ఎడమ కనుబొమ్మ మీద. నువ్వు కుడి కనుబొమ్మ మీద పెట్టావు."

మేస్త్రి నిచ్చెన మీద కళ్ళు మూసుకున్నాడు. పిల్లను గుర్తు తెచ్చుకున్నాడు. వచ్చింది. రెండు జడలు, ఒకటి లావు, ఒకటి సన్నం, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు, చుట్టూ అద్దం చట్రం. ఆరేళ్ళు రోజూ పిల్ల వెనక నిలబడి అతను చూసింది అద్దంలో ముఖం. చేతులు గుర్తుపెట్టుకున్నదీ దాన్నే. అద్దంలో ఎడమ కుడి అవుతుంది.

"అద్దంలో చూశాను," అన్నాడు. "జడ వేసేటప్పుడు."

"నాకు తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"మొదటి ఆదివారమే. తలుపు దగ్గర నిలబడ్డప్పుడే. రోజూ సాయంత్రం ముఖం తుడిచేదాన్ని, మచ్చ నా కుడి బొటనవేలి కింద ఉండేది. ఇక్కడ చెయ్యి చాస్తే ఎడమ చేతి వైపుంది. ఇది అది కాదని అప్పుడే తెలిసింది."

"మరి తెలిసీ ఇన్ని రోజులు..."

"ఎక్కడ కూర్చోను?" అందామె. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. "ఇంట్లో అద్దం ఉంది. ఆసుపత్రిలో ఆ దుప్పట్లున్నాయి. ఇక్కడ ఏదో ఒకటి నా వైపు చూస్తోంది కదా అనుకున్నాను. మన పిల్ల కాదు. దేవుడూ కాదు. అయినా చూస్తోంది కదా."

అతను గరుకు కాగితాన్ని నిచ్చెన మెట్టు మీద పెట్టాడు.

"దిగు," అంది.

దిగాడు. ఒళ్ళంతా తెల్లగా ఉన్నాడు, షెడ్డులో గోడవారన నిలబడే వాళ్ళలో ఒకడిలా. ఆమె లేచి దగ్గరికి వచ్చింది. తడికి పాలిపోయిన కుడి చెయ్యి పైకెత్తి, అతని ఎడమ కనుబొమ్మ మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దింది.

"ఇక్కడ," అంది. "ఇక్కడుండేది పిచ్చుక నాన్నా."

అతను మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. తడి ప్లాస్టర్ వేలితో తీసి మచ్చ మీద పెట్టి నునుపు చేశాడు. ఒక్క వేలి పని. ఆమె దూత మణికట్టు నుంచి రిబ్బన్లు విప్పి, మడిచి, పని చొక్కా జేబులో పెట్టుకుంది. అంతకుముందు జేబు లోపలికి వేళ్ళు పెట్టి చూసుకుంది, ఏమైనా ఉందేమోనని. తర్వాత ఇంటికి వెళ్ళింది. చెల్లెలి ఇంటికి కాదు.

కొత్త ముఖం ఎవరిదీ కాదు. మగవాడిదో ఆడదానిదో కూడా చెప్పలేం. శనివారం సాయంత్రం కళ్ళు వేశాడు. చూపును గడ్డి కుర్చీ మీదుగా, స్తంభం పక్కనుంచి, వరుసల నడిమి దారిలో పోనిచ్చి బలిపీఠం మీద దించాడు. దిగి వచ్చి కుర్చీలో కూర్చుని సరిచూసుకున్నాడు. దూత అతన్ని చూడటం లేదు. అతనికి భార్య గుర్తొచ్చింది. ఈ కుర్చీలో కూర్చుంటే ఇప్పుడు ఆమెను ఎవరూ చూడరు.

ఆదివారం వచ్చింది. ఆమె వచ్చింది. కుర్చీని దూత వైపు తిప్పుకునే కూర్చుంది, ఎప్పటిలాగే. మేస్త్రి నాలుగు వరుసల ముందు మోకరించి ఉన్నాడు. వెనక్కి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పాటలు అయ్యాయి. ప్రసంగం అయింది. ఫాదర్ బల్ల మీదికి వంగాడు. అప్పాన్ని రెండు చేతులా పైకెత్తాడు.

గంట మోగింది.

వెనక కుర్చీ నేల మీద జరిగిన చప్పుడు. గడ్డి కిర్రుమంది. తర్వాత మోకాళ్ళు నేలకు తగిలిన చప్పుడు.

ఆ తర్వాత ఏడుపు. మొదట దగ్గులా వచ్చింది. తర్వాత తెగింది. సమాధి దగ్గర రాని ఏడుపు, తడిబట్టల కింద రాని ఏడుపు, ఇన్ని వారాలు ఆ కుర్చీలో ఆగి ఉన్న ఏడుపు. గుడంతా నిండింది. ఒక్క తల కూడా వెనక్కి తిరగలేదు. మేస్త్రి ఎడమ కనుబొమ్మను అరచేత్తో మూసుకుని నేల మీదికి వంగిపోయాడు.

ఆ చప్పుడు ఆయనకు ఏ చెవిలో వినపడిందో గానీ, ఫాదర్ ఎత్తిన చేతులు దించలేదు.  ఆమె ఏడుపు అయ్యేదాకా ఆ ముసలి చేతులతో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.